పునర్జన్మ విశ్వాసమును నిత్యనీతియును

సికింద్రాబాదునకును హైదరాబాదునకును నడుమ హుస్సేన్‌సాగరములో గౌతమబుద్ధుని ఏకశిలావిగ్రహము నిలిచియున్నది. 1990వ సంవత్సరమున నీటిమీదుగా కొనిపోవుచుండగా అది మునిగిపోయెను. ఆ ప్రమాదమున కొందరి ప్రాణములును పోయెను. 1992 డిసెంబరు 1వ తేదీన దానిని మరల పైకి తీసి నిలిపిరి. నాటినుండి వేలకొలది జనులు తమ తమ పనులపై టాంకుబండు మీదుగా పోవుచు ప్రతిదినము దానిని చూచుచున్నారు. మహేంద్రహిల్సునందు మహాబోధి బుద్ధవిహారమును కలదు. కావున బుద్ధుని రూపము మన పట్టణమునకు క్రొత్తది కాదు. ఆయన బోధ మాత్రము మనలో చదువుకొన్నవారికి సైతము అహింస, దయ అను రెండు మాటలకు మించి తెలిసినట్లు కానరాదు.

ఈ పాఠమునందు మేము ఆ బోధలోని యొక భాగమును మాత్రమే తీసికొనుచున్నాము. అది ప్రాణి మరణించిన పిమ్మట మరల జన్మించునను విశ్వాసము. జన్మాంతరము నిజమా కాదా యను తర్కముతో మాకిచ్చట పనిలేదు. దానిని నమ్మితీరవలెనని బ్రాహ్మధర్మము ఎవ్వరిని నిర్బంధింపదు; మాలో పలువురు దానిని నమ్మరు. మేము అడుగు ప్రశ్న వేఱు. ఒక మనుష్యుడు ఈ విశ్వాసమును మనస్సునందుంచుకొని తెల్లవారి లేచినచో, ఆ దినమున అతడు తన పనివానితోను, తన పశువుతోను, తన వాకిట నిలిచిన బిచ్చగానితోను ఎట్లు మెలగును? ఒకే విశ్వాసము ఒకనిని దాతను చేసి, వేఱొకనిని కఠినహృదయుని చేసినట్లు చరిత్రయందు కనబడుచున్నది. అట్లేల జరిగెనో తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. ఆత్మ లేని జన్మాంతరము

మన యిండ్లలో వాడుకగా నున్న భావము, ఆత్మ యొక శరీరమును విడిచి మఱియొక శరీరమున ప్రవేశించుననుట. బుద్ధుడట్లు చెప్పలేదు. మార్పులేని శాశ్వతాత్మ కలదని ఆయన యొప్పుకొనలేదు. ఇచ్చటినుండి అచ్చటికి పోవు వస్తువేదియు లేకున్నను, చేసిన పనుల ఫలము మాత్రము తెగక సాగుచుండునని ఆయన బోధ. దీనిని విన్నవారికి వెంటనే ఒక సందేహము కలుగును. పుట్టినవాడు చచ్చినవాడే కానిచో, ఒకడు చేసినదానిని మఱియొకడేల అనుభవింపవలెను?

ఈ సందేహమునే యవనరాజగు మిలిందుడు నాగసేనుడను భిక్షువును అడిగినట్లు మిలిందపన్హ యను పాళీగ్రంథమున నున్నది. నాగసేనుడు చెప్పిన పోలికలలో రెండింటిని మాత్రము చెప్పుదుము. మొదటిది దీపము. రాత్రియంతయు వెలిగిన దీపమున తొలిజాము మంటయు తుదిజాము మంటయు ఒకటియే యనుటకు వీలులేదు. వేఱువేఱు దీపములనుటకును వీలులేదు. రెండవది మామిడిపండ్ల దొంగ. తోటవాడు నాటినది టెంక, నేను కోసినది పండు, ఇది వాని సొత్తు కాదని దొంగ వాదించినచో ఏ న్యాయాధిపతియు వినడు. ఆ టెంక లేనిదే ఈ పండు లేదు గదా!

ఈ పోలికలలో ఒక గొప్ప నీతి యిమిడియున్నది. రాబోవు జన్మమున పుట్టువాడు అచ్చముగా నేను కాడు. అయినను నేడు నేను చేయు పనులే వానికి పిత్రార్జితముగా సంక్రమించును. తండ్రి చేసిన అప్పు కొడుకుపై పడినట్లు, నా లోభమును నా కోపమును వానిపై పడును. కాబట్టి ఈ బోధను సరిగా గ్రహించినవానికి రాబోవు జన్మమును గూర్చిన శ్రద్ధ కేవల స్వార్థము కానేరదు. మఱియు బుద్ధుని మతమున కర్మ యనగా ముఖ్యముగా సంకల్పము. చేయి చేసిన పనికంటె, ఆ చేతిని కదలించిన తలంపు ప్రధానము. ప్రాణిహింస, దొంగతనము, వ్యభిచారము, అసత్యము, మత్తుపానీయములు అను అయిదింటిని విడుచుటయను పంచశీలములు గృహస్థులకు విధింపబడినది ఈ తలంపులను శుద్ధిచేయుటకొఱకే.

2. కృష్ణాతీరమున

ఈ బోధ తెలుగుదేశమునకు పరాయిది కాదు. క్రీస్తు తరువాత మూడవ, నాలుగవ శతాబ్దులలో ఇక్ష్వాకు రాజులు విజయపురి రాజధానిగా కృష్ణాతీరమును పాలించిరి. ఆ విజయపురియే నేటి నాగార్జునకొండ. 1926వ సంవత్సరమున అచ్చటి శిథిలములు పండితుల కంటబడెను. 1955లో నాగార్జునసాగరము ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన పిమ్మట, ఆ లోయ నీట మునుగుటకు పూర్వమే త్రవ్వకములను త్వరపరచి, శిల్పములను శాసనములను ఇప్పుడు ద్వీపముగా నున్న కొండపైని ప్రదర్శనశాలకు చేర్చిరి.

ఆ రాజవంశమున ఒక విశేషము కలదు. మూలపురుషుడగు చాంతమూలుడు అశ్వమేధాది వైదికయాగములు చేసినవాడు. ఆ యింటి స్త్రీలు మాత్రము బుద్ధుని కొలిచిరి. చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభములను నిలిపి వేయించిన శాసనములలో, ఆమె శ్రమణులకును బ్రాహ్మణులకును దీనులకును యాచకులకును ఎడతెగక దానము చేయుచుండెడిదని వ్రాయబడియున్నది. తన పుట్టినింటికిని మెట్టినింటికిని ఇహపరములందు మేలు కలుగవలెననియు, తనకు నిర్వాణము సిద్ధింపవలెననియు ఆమె కోరెను. బోధిసిరి యను మఱియొక ఉపాసిక రాణి కాదు, గృహిణి. ఆమె తాను కట్టించినదాని పుణ్యములో తన భర్తకును, తన తల్లిదండ్రులకును, అత్తవారి వైపు బంధువులకును భాగము కల్పించెను. పుణ్యము నా యొక్కదాని మూట కాదు, అది పంచుకొనదగినది యను భావము అప్పటికే మన గృహిణుల మనస్సులలో నాటుకొనియుండెను.

ఆచార్య నాగార్జునుని పేరు ఈ ప్రాంతముతోనే ముడివడియున్నది. ఆయన శాతవాహన రాజొకనికి వ్రాసెనని సంప్రదాయము చెప్పు సుహృల్లేఖ, రత్నావళి యను రెండు నీతిగ్రంథములు నేటికిని దొరకుచున్నవి. సుహృల్లేఖను భారతదేశ విద్యార్థులు కంఠస్థము చేయుచుండిరని ఏడవ శతాబ్దమున ఇచ్చటికి వచ్చిన చీనాభిక్షువు ఇత్సింగు వ్రాసెను. రత్నావళి మనకు మిక్కిలి ప్రయోజనకరమైనది. అందు ఆచార్యుడు రాజునకు జన్మాంతరమును గుర్తుచేయుచు చెప్పిన పనులెట్టివో చూడుడు. చెఱసాలలోని వారు విడుదలయగువఱకు వారికి అన్నపానములు, స్నానము, మంగలి, ఔషధము, వస్త్రము ఏర్పాటుచేయవలెను. గ్రుడ్డివారికిని రోగులకును దిక్కులేనివారికిని అన్నము పెట్టవలెను. నీరు దొరకని దారులలో చలిపందిళ్లు వేయింపవలెను. తుదకు చీమల పుట్టల యొద్ద సైతము నమ్మకమైన మనుష్యుల చేత నూకలును బెల్లమును పెట్టింపవలెను.

ఇచ్చట పాఠకులు ఒక సంగతిని గమనింపవలెను. చెఱసాలలోని వాడు నేరస్థుడు. రోగియు గ్రుడ్డివాడును, కర్మసిద్ధాంతమును బట్టి చూచినచో, పూర్వదుష్కర్మ ఫలము ననుభవించుచున్నవారు. అయినను ఆచార్యుడు రాజుతో వారి పూర్వజన్మలను విచారింపుమని చెప్పలేదు. నీవు రేపు ఏమి కాగోరుచున్నావో దానికి తగినట్లు నేడు వారియెడల నడువుమని చెప్పెను. జన్మాంతర విశ్వాసమునకు రెండు ముఖములు కలవు. తాను ఇకమీద చేయవలసినదానిని చూపు ముఖము ఒకటి. ఇతరులు మునుపు చేసినదానిని ఊహించు ముఖము మఱియొకటి. నాగార్జునుడు రాజునకు మొదటి ముఖమునే చూపెను. ఈ భేదమును మనస్సున నుంచుకొని ఇతర దేశములను చూతము.

3. దేశాంతరములలో

మొదట సింహళము. శిబి చక్రవర్తి పావురమును రక్షించుటకై తన తొడమాంసము కోసియిచ్చిన కథ తెలుగువారికి భారతము వలన తెలిసినదే. నాగార్జునకొండ శిల్పులును దానిని రాతిలో చెక్కిరి. పాళీ జాతకకథలో మాత్రము శిబి గ్రుడ్డి బ్రాహ్మణునకు తన కన్నులనే యిచ్చును. ఆ శిబి బోధిసత్త్వుడనియు, అట్టి దానములు చేసిచేసియే పలు జన్మల పిమ్మట బుద్ధుడాయెననియు సింహళీయులు చిన్ననాటినుండి వినుచుందురు. 1961లో డాక్టరు హడ్సన్ సిల్వా శ్రీలంక నేత్రదాన సంఘమును స్థాపించినప్పుడు ఈ కథ యాయనకు గొప్ప సహాయమాయెను. 1964 మొదలుకొని ఆ దేశస్థులు మరణానంతరము ఇచ్చిన కార్నియాలు, అనగా కంటి పైపొరలు, పరదేశములలోని అంధులకు సైతము చూపునిచ్చుచున్నవి. దీనికి ఎదురుగా మన యిండ్లలో వినబడు మాట యెట్టిది? ఈ జన్మమున కన్నులు తీసివేసినచో వచ్చు జన్మమున గ్రుడ్డివాడై పుట్టునేమో యని పెద్దలు భయపడుదురు. ఒకే విశ్వాసము ఒకచోట కన్నుల నిప్పించినది, మఱియొకచోట వాటిని చితిలో కాల్పించుచున్నది. కంటి వైద్యమునకు ప్రసిద్ధికెక్కిన ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్యసంస్థ 1987లో మన జంటనగరములలోనే వెలసినది. అయినను ఈ భయము మనలో ఇంకను తొలగలేదు.

రెండవది థాయిదేశము. తన ఏనుగును, రాజ్యసుఖమును, తుదకు బిడ్డలను సైతము దానము చేసిన వేస్సంతర రాజు కథను అచ్చట ప్రతిసంవత్సరము ఆలయములలో పదునాలుగింటికి ఒకటి తక్కువగా, అనగా పదుమూడు కాండలుగా చదివింతురు. ఊరివారందఱు కూడి వినుట మహాపుణ్యమని యెంతురు. ఆ కథయే పల్నాటిలోని గోలి గ్రామమున దొరకిన శిల్పఫలకముపై చెక్కబడి, ఇప్పుడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో నున్నది. బిడ్డలను దానమిచ్చిన భాగము మాకు ఒప్పుదల కాదు. మనుష్యుడు మనుష్యునకు సొత్తు కాడు. మిలిందరాజు సైతము ఈ విషయమున నాగసేనుని నిలదీసెను. అయినను ఇచ్చుటయే గొప్పతనము, కూడబెట్టుట కాదు అను భావము ఆ కథవలన పామరజనుల నిత్యజీవితమున పాదుకొన్నదనుట నిజము. తెల్లవారుజామున భిక్షాపాత్రతో వచ్చు భిక్షువునకు పేదరాలు అన్నము పెట్టి, తాను ధన్యురాలనైతినని ఆమెయే నమస్కరించును. సింహళమునను బర్మాయందును దానము చేసినవారు నీరు ధారవోసి, ఆ పుణ్యమును గతించిన బంధువులకును సమస్తప్రాణులకును పంచుదురు. మన దానధారకును దీనికిని గల చుట్టఱికము చెప్పనక్కఱలేదు.

మూడవది టిబెట్టు. సంసారము ఆది తెలియనంత దీర్ఘమైనది గాన, ఎప్పుడో యొకప్పుడు నీకు తల్లి కాని ప్రాణి దొరకుట అరుదని బుద్ధుడు చెప్పినట్లు పాళీసూత్రములలో నున్నది. టిబెట్టువారు దీనిని నిత్యసాధనగా మార్చుకొనిరి. కుక్కను చూచినను, శత్రువును చూచినను, ఈమె నాకు పాలిచ్చి పెంచిన తల్లి యని భావించుట వారి ధ్యానములలో నొకటి. కటికవానికి పోనున్న గొఱ్ఱెను గాని జడలబఱ్ఱెను గాని విడిపించి, చెవికి గుర్తు కట్టి, చచ్చువఱకు స్వేచ్ఛగా తిరుగనిత్తురు. వారందఱును శాకాహారులనుకొనరాదు, ఆ మంచుభూములలో మాంసము తిననివారు తక్కువ. తినినను, దానిని గూర్చి మనస్సు నొచ్చుకొనుట వారికి ధర్మము.

నాలుగవది చీనా. అచ్చట మహాయాన గ్రంథమగు బ్రహ్మజాలసూత్రమును బట్టి భిక్షువులు మాంసమును విడిచిరి. గృహస్థులు పక్షులను చేపలను కొని విడిచిపెట్టుచుండిరి. ఏడవ నెల పదునైదవ దినమున, మౌద్గల్యాయనుడు ప్రేతలోకమున నున్న తన తల్లిని విడిపించిన కథను తలచుకొని, పితరులకొఱకు దానము చేయుదురు. మన మహాలయపక్షము వంటిది. జపానునందును ఆ పండుగ కలదు. పదునాఱవ శతాబ్దమున యువాన్ హువాంగను చీనా అధికారి తన కొడుకునకు బుద్ధి చెప్పుచు, ప్రతిరాత్రియు పుణ్యపాపములను పద్దుపుస్తకమున వ్రాసికొను పద్ధతిని ప్రచారము చేసెను. అతడు మొదట జ్యోతిష్కుని మాట నమ్మి, నొసటి వ్రాత తప్పదని చేతులు కట్టుకొని కూర్చున్నవాడు. ఒక బౌద్ధభిక్షువు, నీ వ్రాతను నీ పనులే వ్రాయునని చెప్పినపిమ్మట అతడు మారెను. ఆత్మపరీక్ష యను ఈ సాధన బ్రాహ్మసమాజికులకు ప్రియమైనదే.

అయితే పుణ్యమును లెక్కలోనికి దించినచో అది సులభముగా సరకుగా మారిపోవును. విడిచిపెట్టుట పుణ్యమన్న చోట, విడిపించువారికి అమ్ముటకై పక్షులను పట్టు వర్తకులు పుట్టిరి. విడువబడిన పక్షులలో పెక్కు వలలోను పంజరములోను నలిగి చచ్చునవే. దీనిని విని మనము చీనావారిని నవ్వనక్కఱలేదు. దసరానాడు పాలపిట్టను చూచిన శుభమని మన తెలంగాణములో ఆ పక్షిని ముందుగానే పట్టి, పంజరమున నుంచి, ఇంటింటికి చూపి డబ్బులడుగువారు లేరా? ఫలమునందే దృష్టి నిలిచి, ప్రాణియందు దయ తొలగినప్పుడు ఎచ్చటనైనను ఇట్లే జరుగును.

4. వెనుకకు తిరిగిన చూపు

ఇంతవఱకు చెప్పినవానిలో దోషములున్నను, అవి తాను ఏమి చేయవలెనను ప్రశ్ననుండి పుట్టినవి. ఇంతకంటె దారుణమైన ఫలములు రెండవ ముఖమునుండి, అనగా వాడేమి చేసి యిట్లాయెనను ఊహనుండి పుట్టినవి.

జపానుదేశమున చర్మకారులు మొదలగు కొన్ని వృత్తులవారిని బురాకుమినులని వెలిగా నుంచిరి. మరణించినవారికి అచ్చటి బౌద్ధపురోహితులు ఒక ధర్మనామము పెట్టి సమాధిపై చెక్కించు ఆచారము కలదు. బురాకుమినుల సమాధులపై పశువును నీచత్వమును సూచించు అక్షరములతో పేర్లు చెక్కించిరి. వారి నీచజన్మము పూర్వకర్మఫలమేయని పురోహితులు ఉపన్యసించిరి. ఇట్లు చచ్చినపిమ్మట సైతము ఆ జనులకు అవమానము తప్పలేదు. 1979లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ నగరమున జరిగిన మతశాంతి మహాసభలో సోటోజెన్ శాఖ పెద్దయొకడు, మా దేశమున అట్టి భేదము లేదని పలికెను. దానిపై గొప్ప అలజడి కలుగగా, అతడు తన మాటను ఉపసంహరించుకొనెను. ఆ శాఖవారు తమ గ్రంథములను దస్త్రములను పరీక్షించి, తప్పు నొప్పుకొని, ఆ పేర్లను మార్చు పనికి పూనుకొనిరి. కరుణను బోధించిన మతమునందే ఇది జరిగినదని మనము మఱువరాదు.

ఇక మన యింటి సంగతి. చిన్ననాడే మగడు పోయిన బాలికను చూచి మన పెద్దలు ఏమనిరి? పూర్వజన్మమున చేసిన పాపమనిరి. ఆ యొక్క మాటతో ఇంటిల్లిపాది మనస్సాక్షియు శాంతించినది. ఆమె తల గొఱిగించినవారికిని, ఆమెకు ఒంటిపూట అన్నము పెట్టినవారికిని, ఆమెను పెండ్లికి ముందు నిలువవలదని తఱిమినవారికిని దోషము లేకపోయెను. దోషమంతయు ఎవ్వరును చూడని ఒక పూర్వజన్మముపైకి పోయెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు ఆయన ఎదిరించినది ఒక ఆచారమును మాత్రమే కాదు. ఆ యాచారమునకు కాపలాగా నిలిచిన ఈ మాటను గూడ.

అస్పృశ్యత విషయమునను ఇదియే కథ. చేసికొన్నవారికి చేసికొన్నంత యను సామెత ఊరిబయటి వాడను చూపుటకు ఎంత సులువుగా నుపయోగపడినది! హైదరాబాదునందు 1906లో జగన్మిత్రమండలిని నెలకొల్పిన భాగ్యరెడ్డివర్మగారు ఈ మాటకు తలయొగ్గక, తమవారికి పాఠశాలలు పెట్టించి, ఆదిహిందువులను ఆత్మగౌరవముతో తల యెత్తుకొనునట్లు చేసిరి. ఆయన బుద్ధునియందు ఆదరము కలవారు. కోస్తాయందు బ్రాహ్మధర్మప్రచారకులగు రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు దళితబాలురకు ఆశ్రయమిచ్చి చదివించిరి. ఎవరి పూర్వజన్మను వారు అడుగలేదు.

ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1953లో గౌరవపట్టమిచ్చి సత్కరించిన డాక్టరు అంబేడ్కరుగారు, 1956 అక్టోబరు 14వ తేదీన నాగపురమున లక్షలాది జనులతో బౌద్ధధర్మమును స్వీకరించిరి. మరుసటి సంవత్సరము వెలువడిన ఆయన బుద్ధధర్మగ్రంథమున ఈ విషయమే ప్రధానముగా చర్చింపబడినది. పేదవాని పేదఱికమునకు వాని పూర్వజన్మయే కారణమనినచో సమాజమునకును ప్రభుత్వమునకును బాధ్యత లేకుండ పోవును. దయాళువగు బుద్ధుడట్టి సిద్ధాంతమును బోధించియుండడని ఆయన వాదించిరి. ఆయన వ్యాఖ్యను అంగీకరింపని బౌద్ధపండితులు పలువురు కలరు. కాని ఆయన వేసిన ప్రశ్నను తప్పించుకొనుటకు వారికిగాని మనకుగాని వీలులేదు.

5. సూత్రములు ఏమి చెప్పుచున్నవి

ఇచ్చట మేము సత్యమును మఱుగుపఱుపరాదు. కొందఱు అల్పాయుష్కులును కొందఱు దీర్ఘాయుష్కులును, కొందఱు దరిద్రులును కొందఱు ధనవంతులును ఏల యగుచున్నారని సుభుడను యువకుడు అడుగగా, వారి వారి కర్మమే కారణమని బుద్ధుడు సమాధానము చెప్పిన సూత్రమొకటి కలదు. పైని చెప్పిన నిందలన్నిటికిని ఆధారముగా చూపబడునది ఇట్టి సూత్రమే. కాని దానినంతయు చదివినచో, హింసించువాడు ఏమగును, ఈర్ష్యపడువాడు ఏమగును, ఇచ్చువాడు ఏమగును అని వినుచున్నవానికి దారి చూపుటయే అందలి యుద్దేశమని తోచును. ఎదుటి దరిద్రుని నిందింపుమని అందెచ్చటను లేదు.

మఱియు ఈ సూత్రమొక్కటియే కాదు. సీవకుడను పరివ్రాజకుడు, మనుష్యుడనుభవించు సుఖదుఃఖములన్నియు పూర్వకర్మవలననే కలుగుననువారిని గూర్చి అడిగెను. బుద్ధుడు అది పొరపాటనెను. పిత్తము, శ్లేష్మము, వాతము, ఆ మూటి కలయిక, ఋతువుల మార్పు, ఒడుదుడుకుల నడక, ఇతరులు చేసిన దౌర్జన్యము, ఇన్నిటి పిమ్మట ఎనిమిదవదిగా మాత్రమే కర్మఫలమును చెప్పెను. ఇంకొకచోట, సమస్తమును పూర్వకర్మయే నడుపుచున్నదనువారికి, చేయదగినది ఇది, చేయరానిది ఇది యను ప్రయత్నమే లేకుండ పోవునని హెచ్చరించెను. జ్వరపీడితునకు వైద్యుడు కావలెను గాని జన్మజాతకము కాదు. దౌర్జన్యమునకు గుఱియైనవానికి న్యాయము కావలెను గాని కర్మోపదేశము కాదు.

కాలాములను జనులకు చేసిన ఉపదేశము బ్రాహ్మసమాజికులకు మఱింత దగ్గఱైనది. ద్వేషము లేని మనస్సు గలవానికి నాలుగు విధములైన ఊరట కలదని బుద్ధుడు అందు చెప్పెను. పరలోకమున్నచో వానికి సద్గతి కలుగును. లేకున్నను ఈ లోకముననే వాడు వైరము లేక సుఖముగా నుండును. పాపమునకు ఫలమున్నచో పాపము చేయని వానికి భయము లేదు. లేకున్నను వాడు రెండు విధముల శుద్ధుడే. కాబట్టి జన్మాంతరము నమ్మినవాడే నీతిమంతుడు కాగలడని బుద్ధుడు సైతము పట్టుపట్టలేదు. నీతి తన కాళ్లపై తాను నిలువగలదు.

6. మనకు పాఠము

బ్రాహ్మసమాజమునకు బౌద్ధధర్మముతో పరిచయము పాతది. 1859లో దేవేంద్రనాథ ఠాకూరుగారును యువకుడగు కేశవచంద్రసేనుగారును కలిసి సింహళయాత్ర చేసిరి. పిమ్మట కేశవులు తమ అనుచరులలో ఒక్కొక్కరికి ఒక్కొక్క మతమును పరిశీలించు పని నప్పగించి, బౌద్ధమును సాధు అఘోరనాథునకు ఒసగిరి. ఆయన వంగభాషలో శాక్యముని చరిత్రమును రచించెను. ఈశ్వరుని విషయమున బుద్ధుడు మౌనము వహించెను. మేము ఏకేశ్వరుని ఉపాసించువారము. ఆ భేదము చిన్నది కాదు. అయినను సత్యము ఎచ్చటనున్నను గ్రహించుట మా సమాజధర్మము.

మేము గ్రహించినదేమనగా: జన్మాంతర విశ్వాసము తన నడవడికి కొలతగా నున్నంతవఱకు మేలు చేసినది, పరుల దుఃఖమునకు తీర్పుగా మారిన చోటనెల్ల కీడు చేసినది. నమ్మువారు దానిని తమకొఱకు నమ్ముదురుగాక. నేను నేడు పలికిన కఠినవాక్యము రేపు ఎవ్వరికి సంక్రమించునో యని జంకుట మంచిదే. కాని ఎదుటివాని రోగమునకు, పేదఱికమునకు, వైధవ్యమునకు, అంగవైకల్యమునకు పూర్వజన్మమును కారణముగా చెప్పుటకు ఎవ్వరికిని అధికారము లేదు. అట్లు చెప్పువానికి ఆ పూర్వజన్మను గూర్చి ఏమియు తెలియదు. తెలిసినది ఎదుట నున్న బాధ యొక్కటియే.

ఇక జన్మాంతరమును నమ్మని మన సంగతి. మనము సంస్కారులమని, మూఢవిశ్వాసములను విడిచితిమని తలంచుకొనుచున్నాము. మంచిది. కాని చదువురాని టిబెట్టు ముసలమ్మ కుక్కను తల్లిగా భావించుచుండగా, సర్వమానవులును ఏకేశ్వరుని బిడ్డలని ప్రతి ఆదివారము చెప్పుకొను మనము, మన యింట అంట్లు తోము పనిమనిషికి వేఱుగా గ్లాసు పెట్టియుంచుట లేదా? సికింద్రాబాదు రైలుస్టేషను వెలుపల కూర్చున్న కుంటివానిని చూచి, ఏ జన్మమున ఏమి చేసెనోయని పాతకాలపు వారు నిట్టూర్చిరి. మనము ఆ మాట అనము. పనిచేయక తిరుగుటవలననే వీడిట్లాయెనని అందుము. మాట మారినదే కాని తీర్పు మారలేదు. పూర్వజన్మము పేరు చెప్పకయే మనము నిరుపేదపై నేరము మోపనేర్చితిమి. మూఢవిశ్వాసము వదలినంతమాత్రమున హృదయకాఠిన్యము వదలదు.

కావున సోదరసోదరీమణులు ఈ పాఠమును చదివి ఊరకుండక, మూడు పనులను ఆచరణలో పెట్టవలెనని కోరుచున్నాము. మొదటిది, ఏ జన్మ పాపమోయను మాటను మన యిండ్లలో, ముఖ్యముగా బిడ్డల యెదుట, పలుకకుండుట. రెండవది, ప్రతిరాత్రియు నిద్రకు ముందు ఆ దినమున మన చేతిక్రింది వారితో మనము పలికిన మాటలను తలచుకొనుట. పుణ్యము లెక్కించుటకు కాదు, తప్పు దిద్దుకొనుటకు. మూడవది, కుటుంబమంతయు కూడి మాటలాడుకొని నేత్రదానమునకు సమ్మతిపత్రము వ్రాయుట. జన్మాంతరము కలదో లేదో మనకు తెలియదు. మన కన్నులు మన తరువాత మఱియొకరికి చూపునిచ్చుననుట మాత్రము నిశ్చయము.

అధ్యయనగోష్ఠికి ప్రశ్నలు

1. శాశ్వతాత్మ లేదనుచు కర్మఫలము కలదనుటను నాగసేనుడు ఏ పోలికలచే సమర్థించెను? అవి మీకు తృప్తికరములుగా నున్నవా?

2. రత్నావళిలో చెఱసాలవారిని గూర్చి చెప్పిన మాటలను నేటి మన చెఱసాలల స్థితితో పోల్చి చూడుడు.

3. వితంతువును గూర్చియు, బురాకుమినులను గూర్చియు చెప్పబడిన కారణములలో గల సామ్యమెట్టిది?

4. జన్మాంతరమును నమ్మనివారు సైతము ఇతరుల దుఃఖమునకు తీర్పు చెప్పు రీతులు ఏవి? మీ యింట, మీ కార్యస్థానమున చూచినవానిని చెప్పుడు.

అందఱకును తండ్రియగు పరమేశ్వరుడు, ఇతరుల గతమును తూచు గర్వమును మననుండి తొలగించి, మన నేటి పనియందు మనకు శ్రద్ధ కలిగించుగాక.